కాలిఫోర్నియా దేశం ఎందుకు కాదు? ఫెడరల్ స్టేట్‌నీ దేశాన్నీ అసలు ఎలా పోల్చాలి

మీరు అడిగింది ఇదీ: కాలిఫోర్నియా ఎకానమీ ప్రపంచంలో ఓ నాలుగైదు దేశాలు తప్ప మిగతా అందరికన్నా పెద్దది, ఉత్తరప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారమే దాదాపు 20 కోట్ల మంది ఉన్నారు, వీటికి అసెంబ్లీ ఉంది, పోలీసు ఉంది, బడ్జెట్ ఉంది, మరి పట్టుమని ఇరవై వేల మంది కూడా లేని నౌరూ దేశం అయినప్పుడు ఇవెందుకు కావు, స్టేట్ గవర్నమెంట్‌కీ దేశం గవర్నమెంట్‌కీ తేడా ఎక్కడ మొదలవుతుంది అని. నేను చాలా ఏళ్లు పొలిటికల్ సైన్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు ఫెడరల్ (సెంటరూ స్టేట్లూ అధికారం పంచుకునేది), కుడివైపు యూనిటరీ (అధికారమంతా సెంటర్‌దే అయినది) అని రాసి, పది పాయింట్లు చెప్పి పంపించేసేవాణ్ణి, పిల్లలు అదే పరీక్షలో దించి మార్కులు తెచ్చుకునేవాళ్లు. ఆ టేబుల్ తప్పని కాదు గానీ దాన్ని పట్టుకుని వెళ్తే నిజంగా ఒక్క దేశం కూడా అర్థం కాదు. అందుకే ఈసారి గీత లేకుండా చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపికుంటే చదవండి.

ముందు మాటల గొడవ తేల్చుకుందాం, ఎందుకంటే సగం కన్ఫ్యూజన్ అక్కడే ఉంది. మనకి రాష్ట్రం అంటే స్టేట్. హిందీలో రాష్ట్ర్ అంటే దేశం, జాతి. స్టేట్‌ని వాళ్లు రాజ్య అంటారు. అందుకే రాష్ట్రపతి అంటే దేశానికి పెద్ద, రాజ్యసభ అంటే రాష్ట్రాల సభ. మనం ఆ పదాలు యథాతథంగా తెచ్చుకున్నాం కాబట్టి రాష్ట్రపతి అని రాష్ట్రానికి ఎవరూ ఉండరు, రాజ్యసభలో రాజ్యం ఏమిటో ఎవరికీ గుర్తుండదు. ఇంగ్లీష్‌లోనూ ఇదే తలనొప్పి. 1776లో పదమూడు కాలనీలు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పుడు తమని తాము స్టేట్స్ అనుకున్నాయి, అప్పటి అర్థంలో స్టేట్ అంటే దేశమే. తర్వాత కలిసి ఒక్కటయ్యాయి గానీ పేరు మాత్రం పాతదే మిగిలిపోయింది. జర్మనీలో స్టేట్‌ని లాండ్ అంటారు, ఆ మాటకి దేశం అనే అర్థం కూడా ఉంది. ఇటు చూస్తే స్కాట్లాండ్‌ని అందరూ దేశం అంటారు, ఫుట్‌బాల్ టీమ్ కూడా వేరే ఉంది, కానీ దాని పార్లమెంట్‌కి ఉన్న అధికారాలు చాలా విషయాల్లో ఒక మామూలు అమెరికన్ స్టేట్‌కన్నా తక్కువ. కాబట్టి బోర్డు మీద ఏం రాసుందో చూసి తేల్చకండి.

ఇంటర్నేషనల్ లా ఏమంటుంది అంటే, 1933 మాంటెవిడియో ఒప్పందంలో దేశానికి నాలుగు లక్షణాలు చెప్పారు: స్థిరంగా ఉండే జనం, నేల, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు పెట్టుకునే కెపాసిటీ. అందరూ ఈ నాలుగూ బట్టీ పడతారు, కానీ దాని కింద రెండో ఆర్టికల్ ఒకటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఫెడరల్ దేశం మొత్తం ఇంటర్నేషనల్ లా కళ్లకి ఒకే ఒక్క వ్యక్తి అని. అంటే లోపల యాభై స్టేట్లున్నా, స్విట్జర్లాండ్‌లోలా క్యాంటన్లనే స్టేట్లు ఇరవయ్యారున్నా, బయటివాడు తలుపు కొడితే పలికేది ఒక్కరే. మీ కాలిఫోర్నియా ప్రశ్నకి షార్ట్ ఆన్సర్ ఇక్కడే అయిపోయింది. జనం, నేల, ప్రభుత్వం మూడూ పుష్కలంగా ఉన్నాయి, నాలుగోది లేదు. సైజుకీ దీనికీ సంబంధమే లేదు, రష్యాలో సఖా రిపబ్లిక్ అర్జెంటీనాకన్నా పెద్దది, దాదాపు 30 లక్షల చదరపు కిలోమీటర్లు, అయినా అది రష్యాలో ఒక భాగం, అంతే.

కానీ ఇది లాయర్ సమాధానం. బయటినుంచి ఒకేలా కనిపించే ఈ దేశాల్లో లోపల స్టేట్ ఎంత గట్టిది అన్నది అసలు మజా. దానికి నేను వాడే పరీక్ష ఒక్కటే: ఎవరు ఎవర్ని తీసేయగలరు?

అమెరికాలో ఒక స్టేట్‌ని చీల్చి ఇంకో స్టేట్ చేయాలంటే ఆ స్టేట్ శాసనసభ ఒప్పుకోవాలి, కాన్‌స్టిట్యూషన్‌లోనే రాసుంది, వాషింగ్టన్‌లో ఎంత మెజారిటీ ఉన్నా కుదరదు. ఇండియాలో మూడో ఆర్టికల్ ప్రకారం పార్లమెంట్ మామూలు మెజారిటీతో స్టేట్ హద్దులు మార్చొచ్చు, పేరు మార్చొచ్చు, రెండు చేయొచ్చు. అసెంబ్లీని అభిప్రాయం అడగాలి గానీ వినాలని లేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లు వద్దని తీర్మానం చేసింది, జూన్ 2కి రాష్ట్రం రెండయ్యింది, అది మంచా చెడా అన్న వాదన ఇక్కడ పెట్టుకోవద్దు, రూల్ ఏమిటో చూడండి చాలు. అందుకే మన రాజ్యాంగం మొదటి ఆర్టికల్‌లో ఫెడరేషన్ అనే మాట లేదు, రాష్ట్రాల యూనియన్ అని ఉంటుంది. కొంతమంది దీన్ని "విడదీయరాని దేశం, విడదీయగల రాష్ట్రాలు" అని చెప్తారు, అమెరికా సుప్రీంకోర్టు 1869లో టెక్సస్ వర్సెస్ వైట్ కేసులో యూనియనూ చెరపలేనిదే, స్టేట్లూ చెరపలేనివే అంది కదా, దానికి పక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకి కనిపిస్తుంది.

జర్మనీ మధ్యలో ఉంటుంది. అక్కడ స్టేట్లని కలపాలన్నా విడగొట్టాలన్నా అక్కడి జనమే రెఫరెండంలో తేల్చాలి. 1952లో మూడు స్టేట్లు కలిసి బాడెన్-వుర్టెంబర్గ్ అయ్యాయి. 1996లో బెర్లిన్‌నీ, దాని చుట్టూ ఉన్న బ్రాండెన్‌బర్గ్‌నీ కలిపేద్దామని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి, బ్రాండెన్‌బర్గ్ జనం కుదరదన్నారు, కథ ముగిసింది. స్విట్జర్లాండ్‌లో ఇంకా నిదానం: బెర్న్ క్యాంటన్‌లో ఫ్రెంచ్ మాట్లాడే ప్రాంతం వేరు పడాలని ఏళ్ల తరబడి కొట్లాడింది, ఆ ప్రాంతం ఓటేసింది, ఆ లోపల జిల్లాలు ఓటేశాయి, హద్దుల్లో ఉన్న ఊళ్లు ఓటేశాయి, చివరికి 1978లో దేశం మొత్తం ఓటేసింది, 1979లో జురా అనే కొత్త క్యాంటన్ వచ్చింది. అప్పటికీ అవలేదు, మూటియే అనే ఒక చిన్న టౌన్ 2021లో ఓటేసి బెర్న్‌ని వదిలి జురాకి పోతానంది. నలభై ఏళ్ల తర్వాత!

ఇప్పుడు యూనిటరీ దేశాల వైపు రండి. బ్రిటన్‌లో లండన్ నగర కౌన్సిల్‌ని సెంట్రల్ గవర్నమెంట్ 1985లో చట్టం చేసి 1986లో మొత్తానికే ఎత్తేసింది. నార్తర్న్ ఐర్లాండ్‌కి 1921 నుంచి సొంత పార్లమెంట్ ఉండేది, 1972లో సస్పెండ్, మరుసటి ఏడాది రద్దు. స్కాట్లాండ్ పార్లమెంట్ 1999 నుంచి బాగానే నడుస్తోంది గానీ, సొంతంగా ఇండిపెండెన్స్ రెఫరెండం పెట్టుకునే అధికారం దానికి లేదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇచ్చిన అధికారం వేరు, ఉన్న అధికారం వేరు. ఫెడరల్ స్టేట్‌కి పవర్ ఢిల్లీ నుంచో వాషింగ్టన్ నుంచో రాదు, సెంటర్‌కి ఏ రాజ్యాంగ కాగితం నుంచి వస్తుందో దీనికీ ఆ కాగితం నుంచే వస్తుంది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే ఫెడరల్-యూనిటరీ టేబుల్‌లో మిగతా పాయింట్లు మీరే రాసుకోగలరు.

దీనికి రెండో వైపు: స్టేట్ తనంతట తను బయటికి పోగలదా? మామూలుగా అయితే లేదు, కానీ "లేదు" అనడంలో చాలా రకాలున్నాయి. కెనడాలోని క్యూబెక్ ప్రావిన్స్‌లో 1995లో విడిపోదామా అని ఓటింగ్ పెట్టారు, వద్దన్నవాళ్లు 50.58 శాతం, దాదాపు 54 వేల ఓట్ల తేడా, అంత పెద్ద దేశం అంత సన్నని దారం మీద నిలబడింది. తర్వాత 1998లో కెనడా సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, ఏకపక్షంగా పోవడానికి వీల్లేదు, కానీ స్పష్టమైన ప్రశ్నకి స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా దేశం కూర్చుని మాట్లాడి తీరాలి. వెస్టర్న్ ఆస్ట్రేలియా కథ ఇంకా తమాషా, 1933లో మూడింట రెండు వంతుల మంది విడిపోదామని ఓటేశారు, అదే రోజు జరిగిన స్టేట్ ఎన్నికల్లో విడిపోదామన్న ప్రభుత్వాన్నే ఓడించారు, పిటిషన్ లండన్‌కి వెళ్తే ఆస్ట్రేలియా మొత్తం అడిగితే తప్ప మేం తీసుకోం అని 1935లో వెనక్కి పంపేశారు. ఇక ఇథియోపియా 1995 కాన్‌స్టిట్యూషన్‌లో విడిపోయే హక్కు 39వ ఆర్టికల్‌లో నేరుగా రాసుంది. సెయింట్ కిట్స్ అండ్ నెవిస్ అని బుల్లి ఫెడరేషన్ ఉంది, అక్కడ నెవిస్ దీవికి కూడా ఆ హక్కుంది, 1998లో ట్రై చేశారు, దాదాపు 62 శాతం పడ్డాయి, మూడింట రెండు వంతులు కావాలి, ఆగిపోయింది. సింగపూర్ అయితే పూర్తి రివర్స్, 1965 ఆగస్టు 9న మలేషియానే బయటికి పంపింది. సైజు గురించి అడిగారు కదా, ముందు రోజు వరకు స్టేట్, ఆ రోజు నుంచి దేశం, జనం అదే, నేల అదే.

సరే, ఇప్పుడు మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం, పాలన పద్ధతులు. దేశంలో ఏ సిస్టమ్ ఉంటే స్టేట్‌లో కూడా అదే ఉండాలా? మనం ఇండియాలో పెరిగాం కాబట్టి అవుననుకుంటాం, ఢిల్లీలో ప్రధాని అయితే ఇక్కడ ముఖ్యమంత్రి, అక్కడ లోక్‌సభ అయితే ఇక్కడ అసెంబ్లీ, జిరాక్స్ కాపీ. చాలా చోట్ల అలాగే ఉంటుంది గానీ రూల్ ఏం లేదు.

స్విట్జర్లాండ్‌లో కేంద్రంలో ఏడుగురు మంత్రుల్ని పార్లమెంట్ ఎన్నుకుంటుంది, క్యాంటన్లలో మాత్రం మంత్రుల్ని జనమే డైరెక్టుగా ఎన్నుకుంటారు, అంటే పైన ఒక సిస్టమ్, కింద ఇంకోటి. గ్లారుస్, అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే రెండు క్యాంటన్లలో ఇప్పటికీ ఏడాదికోసారి జనం మైదానంలో నిలబడి చేతులెత్తి చట్టాలు పాస్ చేస్తారు. లెక్కపెట్టరు, వేదిక మీద నుంచి కళ్లతో చూసి ఎటు ఎక్కువ చేతులున్నాయో అంచనా వేస్తారు, మరీ దగ్గరగా ఉంటేనే వేరే లెక్క. అపెన్‌జెల్‌లో మగవాళ్లు ఓటర్ కార్డు బదులు తాతల నాటి కత్తి నడుముకి కట్టుకుని వస్తే సరిపోతుంది. వినడానికి బాగుంది కదా, ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అని మేం పాఠాల్లో తెగ పొగిడేవాళ్లం. అయితే ఇదే మైదానంలో, దేశం మొత్తం మీద ఆడవాళ్లకి 1971లోనే ఓటు వచ్చినా, క్యాంటన్ విషయాల్లో మాత్రం ఆడవాళ్లకి ఓటు ఇవ్వం అని మగవాళ్లు చేతులెత్తి చెప్తూనే వచ్చారు, 1990 ఏప్రిల్‌లో కూడా వద్దన్నారు. ఆ నవంబర్‌లో ఫెడరల్ కోర్టు కలగజేసుకుని, మీ క్యాంటన్ రాజ్యాంగాన్ని దేశ రాజ్యాంగానికి తగ్గట్టు చదువుకోండి, ఆడవాళ్లూ పౌరులే అని చెప్పాల్సి వచ్చింది. స్టేట్ స్వేచ్ఛ అనగానే అదేదో ఆటోమేటిగ్గా మంచిదనుకునేవాళ్లకి నేను ఈ కథే చెప్తాను. అదే టైపు మైదానంలో 2007లో గ్లారుస్ వాళ్లు ఓటు వయసుని 16కి దించారు, అది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం.

మలేషియాలో పదమూడు స్టేట్లలో తొమ్మిదింటికి వంశపారంపర్య రాజులున్నారు, మిగతా నాలుగింటికి గవర్నర్లు. ఆ తొమ్మిదిమంది రాజులూ కలిసి తమలో ఒకరిని ఐదేళ్లకోసారి దేశానికి రాజుగా పెడతారు, వంతులవారీగా. అంటే స్టేట్‌కి రాజు శాశ్వతం, దేశానికి రాజు టెంపరరీ! యూఏఈలో ఏడు ఎమిరేట్లూ రాజరికాలే, ఏడుగురూ కూర్చునే సుప్రీం కౌన్సిలే అన్నిటికన్నా పై సంస్థ, పెద్ద నిర్ణయాలకి ఐదుగురు ఒప్పుకోవాలి, ఆ ఐదుగురిలో అబుదాబీ, దుబాయ్ ఉండి తీరాలి. ఎన్నికలతో సంబంధం లేకుండా కూడా ఫెడరలిజం ఉంటుందా అంటే ఉంటుంది. ఫెడరల్ అంటే అధికారం ఎలా పంచుకున్నారు అన్నదే, ఎవరు ఎలా ఎన్నికయ్యారు అన్నది కాదు, ఈ రెండిటినీ కలిపేసి "ఫెడరల్ అంటే ప్రజాస్వామ్యం" అని రాసేవాళ్లు చాలామంది.

అమెరికాలో ప్రతి స్టేట్‌కీ సొంత కాన్‌స్టిట్యూషన్ ఉంది, మసాచుసెట్స్‌ది 1780 నాటిది, అంటే దేశానికున్న దానికన్నా పాతది. కేంద్రం పెట్టిన కండిషన్ ఒక్కటే, రిపబ్లిక్ తరహా ప్రభుత్వం ఉండాలి. ఆ హద్దులో ఎవరిష్టం వాళ్లది, నెబ్రాస్కా 1937 నుంచి ఒకే సభతో నడుస్తోంది, 49 మంది సభ్యులు, బ్యాలెట్ మీద పార్టీ పేరు కూడా ఉండదు. కొన్ని స్టేట్లలో జడ్జీలు కూడా ఎన్నికల్లో నిలబడతారు, దేశం స్థాయిలో అలాంటిది ఊహించలేం. మరి యాభైకి యాభై జనం ఎన్నుకునే గవర్నర్ పద్ధతే ఎందుకు, ఒక్కటి కూడా పార్లమెంటరీ ఎందుకు లేదు అంటే, అది ఎవరూ బలవంతం చేసింది కాదు, అలవాటు, అంతే.

జర్మనీలో హెస్సె అనే స్టేట్ ఉంది. 1946లో రాసుకున్న దాని రాజ్యాంగంలో మరణశిక్ష ఉండేది. 1949లో దేశ రాజ్యాంగం మరణశిక్ష రద్దు చేసింది, ఫెడరల్ చట్టం ముందు స్టేట్ చట్టం నిలవదు అనే రూల్ కూడా పెట్టింది. కాబట్టి హెస్సెలో ఆ వాక్యం అక్షరాలా చచ్చిపోయింది, కానీ కాగితం మీద నుంచి తీయాలంటే స్టేట్ జనమే ఓటేయాలి, ఎవరూ పట్టించుకోలేదు, చివరికి 2018లో ఓటేసి తీసేశారు. దాదాపు డెబ్భై ఏళ్లు ఉరిశిక్ష లేని దేశంలో ఉరిశిక్ష ఉన్న స్టేట్!

పై పదవిలో ఉన్నవాణ్ణి ఎవరు పెడతారు అన్నది కూడా ఒకసారి చూడండి, చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా చెప్తుంది. అమెరికాలో గవర్నర్‌ని స్టేట్ జనం ఎన్నుకుంటారు. ఆస్ట్రేలియాలో స్టేట్ గవర్నర్‌ని రాజు నియమిస్తాడు, కానీ సలహా ఇచ్చేది స్టేట్ ప్రీమియర్, సెంటర్‌కి పాత్ర లేదు. కెనడాలో సెంటర్ సలహా మీద. ఇండియాలో రాష్ట్రపతి పేరు మీద సెంటరే వేస్తుంది, ఆ గవర్నర్ రిపోర్టు మీద 356వ ఆర్టికల్ కింద రాష్ట్ర ప్రభుత్వాన్ని పక్కన పెట్టొచ్చు, 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాతే దానికి కళ్లెం పడింది. రష్యా అయితే 2004లో గవర్నర్ల ఎన్నికలే ఎత్తేసి 2012లో మళ్లీ తెచ్చింది. పేరు అన్ని చోట్లా గవర్నరే, పని మాత్రం ఒక చోట జనం మనిషి, ఒక చోట సెంటర్ మనిషి.

స్టేట్ పవర్ అంటే మనం ఎంతసేపూ స్టేట్ లోపల ఏం చేసుకోగలదు అనే చూస్తాం, సెంటర్‌లో కూర్చుని ఏం ఆపగలదు అన్నది మర్చిపోతాం. జర్మనీలో స్టేట్ల సభ, బుండెస్‌రాట్, దీనికి బెస్ట్ ఉదాహరణ. అందులో ఎన్నికైన ఎంపీలు ఉండరు, స్టేట్ ప్రభుత్వాలే వచ్చి కూర్చుంటాయి, ముఖ్యమంత్రులు, మంత్రులు. మొత్తం 69 ఓట్లు, ఒక్కో స్టేట్‌కి జనాభాని బట్టి మూడు నుంచి ఆరు, ఒక స్టేట్ ఓట్లన్నీ ఒకే వైపు పడాలి, చీలకూడదు. 2002 మార్చి 22న ఇమిగ్రేషన్ చట్టం ఓటింగ్‌కి వచ్చింది. లెక్క ఎంత దగ్గరగా ఉందంటే బ్రాండెన్‌బర్గ్ నాలుగు ఓట్లే తేల్చాలి. ఆ స్టేట్‌లో అప్పుడు రెండు ప్రత్యర్థి పార్టీల కూటమి ప్రభుత్వం నడుస్తోంది, ముఖ్యమంత్రి స్టోల్పె ఒక పార్టీ, హోం మంత్రి షోన్‌బోమ్ ఇంకో పార్టీ. స్టేట్ పేరు పిలవగానే ఒక మంత్రి అవునన్నాడు, షోన్‌బోమ్ కాదన్నాడు. సభాధ్యక్షుడు వోవెరైట్ ఓట్లు చీలాయని గుర్తుచేసి ముఖ్యమంత్రి వైపు తిరిగి మళ్లీ అడిగాడు, స్టోల్పె ముఖ్యమంత్రిగా నా మాట అవును అన్నాడు, షోన్‌బోమ్ నా ఉద్దేశం మీకు తెలుసు కదా అన్నాడు. వోవెరైట్ దాన్ని అవును కింద లెక్కేసేశాడు, సభలో అరుపులు, బల్లలు చరచడం. ఆ డిసెంబర్‌లో రాజ్యాంగ కోర్టు ఏమందంటే, ఓట్లు ఒకేలా పడలేదు కాబట్టి ఆ స్టేట్ ఒప్పుకున్నట్టు కాదు, ముఖ్యమంత్రి అయినంత మాత్రాన మిగతావాళ్ల ఓటు మార్చలేడు, చట్టం చెల్లదు. ఇరవై ఐదు లక్షల మంది ఉన్న స్టేట్‌లో ఇద్దరు మంత్రులకి పడకపోతే ఎనిమిది కోట్ల మంది దేశానికి చట్టం ఆగింది.

దీని పక్కన అమెరికా సెనేట్ పెట్టండి, అక్కడ స్టేట్‌కి ఇద్దరు, ఆరు లక్షల మంది కూడా లేని వ్యోమింగ్‌కీ ఇద్దరే, దాదాపు నాలుగు కోట్లున్న కాలిఫోర్నియాకీ ఇద్దరే. కానీ 1913 నుంచి వాళ్లని జనమే ఎన్నుకుంటున్నారు, స్టేట్ ప్రభుత్వం చెప్పినట్టు వినాల్సిన పని లేదు. మన రాజ్యసభలో జనాభాని బట్టి సీట్లు, ఆ స్టేట్‌లో ఉండని మనిషి కూడా అక్కడి నుంచి రావచ్చు, దాన్ని స్టేట్ల గొంతు అనాలంటే నాకైతే కొంచెం మొహమాటంగా ఉంటుంది. నిజానికి మనకి బుండెస్‌రాట్‌కి దగ్గరగా ఉన్నది జీఎస్టీ కౌన్సిల్, సెంటర్‌కి మూడో వంతు వెయిట్, స్టేట్లన్నిటికీ కలిపి రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి కాబట్టి సెంటర్ లేకుండా స్టేట్లు ఏమీ చేయలేవు, స్టేట్లు లేకుండా సెంటరూ చేయలేదు.

డబ్బు. ఇది లేకుండా పైన చెప్పిందంతా గాల్లో మాటలే. కెనడా, ఆస్ట్రేలియా జంట కథ చూడండి. 1867లో కెనడా రాజ్యాంగం రాసేటప్పుడు పక్కనే అమెరికా అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది, స్టేట్లకి ఎక్కువ పవర్ ఇస్తే ఇదీ గతి అనుకుని ఎవరివని విడిగా రాయని మిగులు అధికారాలన్నీ సెంటర్‌కి ఇచ్చారు, ప్రావిన్స్ చట్టాన్ని కొట్టేసే అధికారం కూడా ఇచ్చారు. 1901లో ఆస్ట్రేలియా దానికి రివర్స్, మిగిలినవన్నీ స్టేట్లవే. ఇప్పుడు చూస్తే కెనడా ప్రావిన్సులు ప్రపంచంలోనే గట్టి యూనిట్లలో ఉన్నాయి, చట్టాన్ని కొట్టేసే ఆ పవర్ 1943 తర్వాత ఎవరూ వాడలేదు, నేల కింద ఆయిల్ ప్రావిన్సులదే, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు వేసుకుంటారు. ఆస్ట్రేలియాలో 1942లో యుద్ధం పేరు చెప్పి ఇన్‌కమ్ ట్యాక్స్ సెంటర్ తీసుకుంది, యుద్ధం అయిపోయింది, ట్యాక్స్ మాత్రం తిరిగి రాలేదు. కాగితం ఎటు రాస్తే దేశం అటు పోదు, పర్సు ఎటుంటే అటు పోతుంది.

కాలిఫోర్నియాకీ దేశానికీ తేడా కూడా ఇక్కడే బాగా కనబడుతుంది. 2009లో బడ్జెట్ కుదరక చేతిలో క్యాష్ అయిపోయింది, జూలైలో ఆ స్టేట్ బాకీలకి డబ్బు బదులు తర్వాత ఇస్తాం అని చీటీలు రాసిచ్చింది. అంత పెద్ద ఎకానమీ, హాలీవుడ్, సిలికాన్ వ్యాలీ, అన్నీ ఉండి చీటీలు! ఎందుకంటే డాలర్ ముద్రించే మెషీన్ దాని దగ్గర లేదు, దివాలా తీయడానికి కూడా చట్టం ఒప్పుకోదు, 2013లో డెట్రాయిట్ నగరం తీసింది, నగరాలకి ఆ దారి ఉంది, స్టేట్లకి లేదు. అయితే 2010లో అప్పుల్లో మునిగిన గ్రీస్ చూడండి, పూర్తి స్థాయి దేశం, ఐక్యరాజ్యసమితిలో సీటు, సైన్యం, అన్నీ ఉన్నాయి, కానీ యూరో ముద్రించే మెషీన్ దాని చేతిలో లేదు. సో ఆ విషయంలో గ్రీస్ ఒక స్టేట్‌లా ఇరుక్కుంది, పైగా కాలిఫోర్నియాలో అంత జరుగుతున్నా రిటైరైనవాళ్ల సోషల్ సెక్యూరిటీ డబ్బులు వాషింగ్టన్ నుంచి ఆగకుండా వచ్చాయి, గ్రీస్ పెన్షన్లు మాత్రం కోత పడ్డాయి. స్టేట్‌గా ఉండటంలో లాభం అది. దేశంగా ఉండటంలో లాభం ఏంటంటే, గ్రీస్ కావాలనుకుంటే యూరోపియన్ యూనియన్ నుంచి తలుపు తీసుకుని పోవచ్చు, బ్రిటన్ 2020 జనవరి 31న పోయింది కదా, కాలిఫోర్నియాకి ఆ తలుపు లేదు.

విదేశీ వ్యవహారాలు సెంటర్‌వే అనే పాయింట్‌కి కూడా చిల్లులున్నాయి. బెల్జియంలో ఏ సబ్జెక్టు స్టేట్‌దైతే దాని మీద విదేశీ ఒప్పందాలు కూడా ఆ స్టేటే చేసుకుంటుంది. 2016 అక్టోబర్‌లో యూరోపియన్ యూనియన్‌కీ కెనడాకీ ట్రేడ్ డీల్ సంతకాలకి రెడీ అయితే, 35 లక్షల పైచిలుకు జనం ఉన్న వలోనియా ప్రాంత పార్లమెంట్ ఒప్పుకోలేదు, కాబట్టి బెల్జియం సంతకం పెట్టలేకపోయింది, కాబట్టి ఇరవై ఎనిమిది దేశాల డీల్ ఆగింది, కెనడా ప్రధాని ప్రయాణం వాయిదా వేసుకున్నాడు, వాళ్ల అభ్యంతరాలకి హామీలు రాసిచ్చాక అక్టోబర్ 30న సంతకాలయ్యాయి. ఇక సోవియట్ యూనియన్‌లో దీనికి ఉల్టా, ఉక్రెయిన్, బెలారస్ రెండిటికీ 1945 నుంచే ఐక్యరాజ్యసమితిలో సొంత సీట్లుండేవి, విడిపోయే హక్కు కూడా సోవియట్ రాజ్యాంగంలో రాసుండేది, కానీ నిజంగా వాటికి వలోనియాకున్నంత మాట కూడా చెల్లేది కాదు. 1991 వచ్చి మాస్కో పట్టు జారిపోయేసరికి ఆ డమ్మీ సీట్లే అసలు సీట్లయ్యాయి, కొత్తగా అప్లై చేయాల్సిన పని కూడా పడలేదు.

ఇంతకీ కాలిఫోర్నియాని ఏ దేశంతో పోల్చాలి అని చివర్లో అడిగారు. జీడీపీ పక్కన జీడీపీ పెట్టి జపాన్‌తోనో జర్మనీతోనో పోలిస్తే హెడ్‌లైన్‌కి బాగుంటుంది, పాలన గురించి ఏమీ తెలీదు. స్కూళ్లు, జైళ్లు, రోడ్లు, క్రిమినల్ లా గురించైతే నేరుగా ఒక దేశంతోనే పోల్చండి, ఎందుకంటే ఆ విషయాల్లో అది దాదాపు దేశంలాగే ప్రవర్తిస్తుంది. అప్పులు, కరెన్సీ, ట్రేడ్ గురించైతే యూరో జోన్‌లో ఉన్న ఒక దేశంతో పోల్చండి, అప్పుడే లెక్క కుదురుతుంది. స్టేట్ హక్కుల గురించైతే బవేరియాతో పోల్చండి, 1949లో దేశ రాజ్యాంగం నచ్చలేదని దాని అసెంబ్లీ 101-63 ఓట్లతో కాదని, మూడింట రెండు వంతుల స్టేట్లు ఒప్పుకుంటే మాత్రం మాకూ వర్తిస్తుంది అని అదే ఊపులో ఒప్పుకున్న స్టేట్ అది. మొత్తం దేశంతో మొత్తం స్టేట్‌ని ఒకేసారి పోల్చడం మాత్రం మానేయండి.

అన్నట్టు కాలిఫోర్నియా జెండా ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఎలుగుబంటి కింద "కాలిఫోర్నియా రిపబ్లిక్" అని రాసుంటుంది. 1846లో మెక్సికో మీద తిరగబడ్డ కొంతమంది ఆ పేరుతో జెండా ఎగరేశారు, 25 రోజులు నడిచింది, ఏ దేశమూ గుర్తించలేదు, జూలైలో అమెరికా జెండా వచ్చేసింది. ఆ పాత జెండాకే మార్పులు చేసి 1911లో స్టేట్ జెండా చేసుకున్నారు, రిపబ్లిక్ అన్న మాటని మాత్రం ఎవరూ చెరపలేదు.